వరసలో మొదటి సెల్లు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. పెద్దవాళ్ళకీ పిల్లలకీ ఆయన బ్యాటరీ బాబాయే. ఆ లెక్కన ఆయన భార్య, ఎవరికీ ఏమీ కాకుండానే, ఊరందరికీ పిన్ని అయిపోయింది. “ఈయన బ్యాటరీలు పట్టుకున్నాడు, నన్ను ముప్పై ఏళ్ళకే పిన్ని పిలుపు పట్టుకుంది” అని ఆవిడ నవ్వుతూనే సణిగేది.

బస్సుల షెడ్డు ఎదురుగా ఇరుకు కొట్టు ఆయనది. బస్సులకీ లారీలకీ ట్రాక్టర్లకీ ముప్పై ఏళ్ళు యాసిడ్ బ్యాటరీలు బాగుచేశాడు. చొక్కాలన్నిటికీ కింద అంచున యాసిడ్ చుక్కలు పడి జల్లెడలా చిల్లులుండేవి. అయిదేళ్ళ కిందట పాత ఇనుప సామాను కొట్టులో, మూతపడ్డ రైలు సిగ్నల్ గదిలోంచి వచ్చిన బ్యాటరీ సెల్లులు కొన్ని ఆయన కంటబడ్డాయి. ఒక్కోటీ మూరెడు ఎత్తున, చెక్క పెట్టెల్లో నిలబెట్టిన ఇనుప డబ్బాలు. వీటిలో సీసం ఉండదు, యాసిడ్ ఉండదు. లోపల నికెల్ రేకులూ ఇనుప రేకులూ, వాటి మధ్య పొటాష్ కలిపిన క్షారపు నీళ్ళు. అరవై ఏళ్ళనాటివి. కొట్టువాడు తూకానికి అమ్మెయ్యడానికి సిద్ధంగా ఉన్నాడు.

బాబాయి వాటిలో ఒకటి ఇంటికి తెచ్చుకుని తిరగేశాడు. నల్లటి మడ్డి కారింది. డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగుసార్లు కడిగి, కొత్తగా పొటాష్ నీళ్ళు నింపి, చిన్న మంట మీద పాలు కాచినట్టు నెమ్మదిగా ఛార్జి పెట్టాడు. తర్వాత ఒక బల్బు తగిలించి పూర్తిగా ఖాళీ చేశాడు. మళ్ళీ ఛార్జి, మళ్ళీ ఖాళీ. ఆరోసారికి ఆ ముసలి సెల్లు కుర్రదానిలా కరెంటు పట్టింది. ఆ రోజు ఆయన అన్నం దగ్గర కూర్చుని, “చచ్చిందనుకున్నది లేచి కూర్చుందే!” అని పదిసార్లు అన్నాడు. పిన్ని, “ముందు కూర చల్లారిపోతోంది, దాన్ని లేపండి” అంది.

అలా ఆయన పాత సెల్లుల వైద్యుడయ్యాడు. ఇంటిమీద సోలార్ పలకలు పెట్టుకున్నవాళ్ళు ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కొట్టుని రెండుగా విడగొట్టాడు. ఎడమవైపు యాసిడ్, కుడివైపు పొటాష్. నీళ్ళ చిక్కదనం చూసే హైడ్రోమీటర్లు, అంటే రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టాలు, వేరువేరు. యాసిడ్ గొట్టానికి ఎర్రదారం, పొటాష్ గొట్టానికి పచ్చదారం. ఎవరైనా ఈ పక్క గరాటా ఆ పక్క పెడితే ఇంతెత్తున లేచేవాడు. “ఈ రెండూ సవతులు! ఒకదాని చుక్క ఇంకోదానిలో పడిందా, కాపురం కూలినట్టే. యాసిడ్ తగిలితే ఇనుప సెల్లు మళ్ళీ కోలుకోదు” అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పేవాడు. ఎదురు షెడ్డులోంచి రోజూ వచ్చి కూర్చునే బస్సు మెకానిక్‌కి ఆ పాఠం కంఠతా వచ్చేసింది.

ఆయనకి ఒక్కతే చెల్లెలు. మూడు వీధుల అవతల ఉంటుంది. భర్త వడ్రంగి. పెరటి గదిలో ఆమె కోడిగుడ్లు పొదిగిస్తుంది. బావ చేసిచ్చిన పెద్ద చెక్కపెట్టె, లోపల వేడి చేసే తీగలు, చిన్న ఫ్యాను, గుడ్లు దొర్లించే అరలు. ఇరవై ఒక్క రోజులు వేడి అటూ ఇటూ కాకూడదు. కరెంటు పోతుందన్న భయంతో ఆమెకి కంటిమీద కునుకుండేది కాదు. అందుకే బాబాయి తన చేతుల్తో బాగుచేసిన ఇరవై సెల్లులు తెచ్చి, బావ చేసిన బల్లమీద వరసగా పెట్టి, సోలార్ పలకలకీ ఇన్వర్టర్‌కీ కలిపాడు.

“ఇక కరెంటు పోతే నాకేంటని నిద్రపో” అన్నాడు. “పన్నెండు గంటలు ఢోకా లేదు. నువ్వు చెయ్యాల్సిందల్లా నీళ్ళు తగ్గినప్పుడు డిస్టిల్డ్ వాటర్ పొయ్యడమే.”

రెండేళ్ళు ఆమె నిజంగానే నిద్రపోయింది.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తల్లో ఒకరోజు పొద్దున పదింటికి పెద్ద గాలివాన వచ్చింది. కరెంటు స్తంభాలు నాలుగు ఒరిగిపోయాయి. పెట్టెలో రెండువందల ఎనభై గుడ్లున్నాయి, పందొమ్మిదో రోజు. ఆ పొద్దున్నే ఆమె కొన్నిటిని దీపానికి అడ్డం పెట్టి చూసింది. లోపల పిల్లలు కదులుతున్నాయి. కరెంటు పోగానే బ్యాటరీలు అందుకున్నాయి, ఫ్యాను తిరిగింది, ఆమె ధీమాగా వంట చేసుకుంది. గంటన్నర కాకుండానే ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది.

ఆమె అన్నకి ఫోన్ చేసింది. వానలో లైను కలవలేదు. ఎదురింటి టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ నీళ్ళు కాచి సీసాల్లో పోసి అరల మధ్య పెట్టారు. దుప్పట్లు కప్పారు. ఒకసారి వేడి ఎక్కువయ్యేది, ఒకసారి చల్లబడిపోయేది. మధ్యాహ్నం మూడున్నరకి, రోడ్డుమీద పడ్డ చెట్లు దాటుకుంటూ బాబాయి వచ్చేసరికి ఆమె చేతులు ఉడుకునీళ్ళకి ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

బాబాయి పెట్టెవైపు చూడలేదు. సెల్లులవైపు చూశాడు. తన చేతిపని అలా నిలువునా కూలబడటం, అదీ టీచరమ్మ ముందు, పనినుంచి తిరిగొచ్చిన బావ ముందు, ఆయనకి తల కొట్టేసినట్టయింది.

“ఏ నీళ్ళు పోశావే?” అన్నాడు గుమ్మంలో నిలబడే.

“నువ్విచ్చిన డబ్బాలోవే అన్నయ్యా.”

“ఎప్పుడూ అవేనా? ఒక్కసారైనా ఇంకోటి పొయ్యలేదూ?”

ఆమె తడబడింది. “ఒక్కసారి... డబ్బా అయిపోయింది. నువ్వు ఊళ్ళో లేవు. వాననీళ్ళు స్టీలు గిన్నెలో పట్టి, గుడ్డలో వడకట్టి పోశాను.”

“అదీ సంగతి!” బాబాయి గుమ్మాన్ని అరచేత్తో చరిచాడు. “అరవై ఏళ్ళు బతికిన సెల్లుల్ని గిన్నెడు నీళ్ళతో చంపేశావు కదే! నేను చెప్పింది చెవికెక్కదా నీకు? నీ చేతిలో పెట్టడం నాదే బుద్ధి తక్కువ.”

చెల్లెలు చేతిలో ఉన్న వేడి సీసాని అలాగే గుండెలకి ఆనించుకుని నిలబడింది. టీచరమ్మ మొహం తిప్పుకుంది. బావ, “పోనీలే బావా, తెలీక చేసింది” అన్నాడు. ఆ మాటతో నేరం ఖాయమైపోయింది.

శుభ్రమైన వాననీళ్ళు ఒక్కసారి పోసినంత మాత్రాన సెల్లు చావదని బాబాయికి తెలుసు. ఆ క్షణంలోనే తెలుసు. ఆ తెలిసినదాన్ని మనసులో ఓ మూలకి నెట్టేసి, నోటికొచ్చింది అనేశాడు.

రెండు రోజుల తర్వాత రెండువందల ఎనభై గుడ్లలో పందొమ్మిది పిల్లలు బయటికొచ్చాయి. మిగిలిన గుడ్లని చెల్లెలు తనే గొయ్యి తీసి పూడ్చింది. బావ సాయానికి వెళ్తే వద్దంది.

బాబాయి సెల్లులన్నీ కొట్టుకి తెచ్చుకుని బల్లమీద అదే వరసలో పెట్టి ఒక్కోదానికీ మీటర్ తగిలించాడు. మొదటి సెల్లు పూర్తిగా చచ్చింది. ముల్లు కదల్లేదు. రెండోది కొంచెం ఊగింది. మూడోది సగం. నాలుగోది కాస్త నీరసంగా ఉంది. అయిదో సెల్లు నుంచి ఇరవయ్యో సెల్లుదాకా అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఇరవైలో నాలుగు కుంగితే చాలు, వరస మొత్తం బలం తగ్గి ఇన్వర్టర్ ఆగిపోతుంది. అది సరే. కానీ వాననీళ్ళే కారణమైతే అన్నీ ఒకేలా పోవాలి. ఇవి మెట్లు దిగినట్టు ఒకదానికంటే ఒకటి తక్కువగా చెడ్డాయి. మొదటిదాని డబ్బా లోపలి అంచు తుప్పుపట్టి తినేసినట్టుంది.

ఏదో ముంచిన వస్తువు మొదటి సెల్లులో ఎక్కువ విషం వదిలి, రెండోదానిలో తక్కువ వదిలి, నాలుగోదానికి కడుక్కుపోయింది.

ఆయన మీటర్ పక్కన పెట్టేశాడు. గుర్తొచ్చింది.

నెలకి పైన అయింది. ఒక బస్సు బయల్దేరకుండా ఆగిపోతే బాగుచెయ్యడానికి వెళ్తూ, దారిలో చెల్లెలింటి దగ్గర దిగాడు. సంచిలో యాసిడ్ గొట్టం ఒక్కటే ఉంది. పచ్చదారం గొట్టం కోసం కొట్టుకి వెళ్ళిరావడానికి బద్ధకించాడు. పెరట్లో కుళాయి కింద ఎర్రదారం గొట్టాన్ని రెండుసార్లు ఆడించి, అదే పట్టుకుని మొదటి సెల్లు నుంచి వరసగా ముంచుకుంటూ పోయాడు. రబ్బరు బుడ్డిలోకి నీళ్ళు పూర్తిగా పోవని, యాసిడ్ లోపల నిలిచే ఉంటుందని ఊరందరికీ చెప్పేది ఆయనే. చెల్లెలు పక్కనే నిలబడి అడిగింది కూడా: “అన్నయ్యా, దీనికి ఎర్రదారం ఉందేంటి?”

“నాకు చెప్తావా?” అన్నాడు తను. నవ్వుతూ ఆమె నెత్తిమీద మొట్టాడు.

బాబాయి కొట్టులో స్టూలు మీద కూర్చుండిపోయాడు. చెవులు వేడెక్కిపోయాయి. ఎదురుగా షెడ్డులో మనుషులు ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు, ఒక్కరూ ఇటు చూడటం లేదు. అయినా ఆయనకి నడిబజారులో బట్టలూడదీసి నిలబెట్టినట్టుంది. కాసేపటికి లేచి, ఆ నాలుగు సెల్లుల్నీ బల్ల కిందికి తోసి, పైన గోనెపట్టా కప్పాడు.

మర్నాడు వాటి స్థానంలో తన దగ్గరున్న మంచివి నాలుగు కలిపి చెల్లెలింట్లో మళ్ళీ బిగించాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

“ఏం తేలింది అన్నయ్యా?”

“ఏముంది... నాలుగు పోయాయి. మార్చాను.”

“నా వల్లే కదా?”

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఆయన నీళ్ళు నమిలాడు. వంగి, బిగించిన నట్టునే మళ్ళీ బిగించాడు. ఆమె తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె గుడ్లు పెట్టలేదు. “నా చేతి మీద ఇక వద్దు” అంది. పొదిగే పెట్టె అరల్లో పాత దుప్పట్లు మడిచి పెట్టుకుంది. కానీ సెల్లుల్ని మాత్రం పసిపిల్లల్లా చూసుకునేది. ఒక నోటుపుస్తకంలో ఏ సెల్లులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో రోజూ రాసేది. డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొన్నప్పుడల్లా కొట్టుకి పట్టుకొచ్చి, “ఇది మంచిదేనా, చూసి చెప్పు” అనేది. బాబాయి మూత తీసి చూసినట్టు నటించి, “మంచిదే” అనేవాడు. ఆమె ముందు తలెత్తలేక, డబ్బా మీద అక్షరాలు చదువుతూ కూర్చునేవాడు.

ఇంతలో ఆమెకో పేరు తగులుకుంది. మొదట బావే ఏదో సరదాకి “వాననీళ్ళమ్మా, కాస్త తాగడానికి నీళ్ళియ్యి” అన్నాడు. అది పక్కింటికి పాకింది. కోడిపిల్లలు కొనుక్కెళ్ళే వ్యాపారి, పిల్లలు లేవని తెలిసి, “వాననీళ్ళమ్మ గారు మానేశారా?” అని అడిగి వెళ్ళాడు. ఆమె అందరితోపాటే నవ్వేది.

పిన్ని ఒకరోజు కొట్టు ఊడుస్తూ బల్ల కింది గోనెపట్టా ఎత్తింది. ముప్పై ఏళ్ళు ఆ మనిషితో కాపురం చేసిన ఆవిడకి సెల్లుల గురించి సగం పని వచ్చు. తుప్పు తిన్న అంచుని వేలితో తడిమి చూసింది.

“ఇది యాసిడ్ తిన్నది కదండీ?”

ఆవిడ చీపురు గోడకి ఆనించి, ఎదురుగా వచ్చి నిలబడింది. అప్పుడు బాబాయి చెప్పాడు, మొత్తం. ఎర్రదారం సంగతీ, మొట్టికాయ సంగతీ కూడా.

“ఎన్నాళ్ళయింది మీకు తెలిసి?”

“నెల దాటింది.”

పిన్ని తిట్టలేదు. “రేపు ఆ పిల్ల దగ్గరికి వెళ్దామనుకున్నా. ఇక వెళ్ళలేను. దాని మొహం చూడాలంటే నాకు సిగ్గుగా ఉంది. మీరెలా వెళ్తున్నారండీ?” అంది. ఆ ప్రశ్నకి జవాబు వినడానికి కూడా ఆగకుండా చెత్త ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది.

మరో వారం గడిచింది. రోజూ పొద్దున ఇవాళ చెప్పేద్దామనుకునేవాడు. సాయంత్రానికి ఏదో ఒక సాకు దొరికేది. బావ ఇంట్లో ఉన్నాడనో, లేడనో. ఒకరోజు ఆమె గుమ్మందాకా వెళ్ళి, లోపల ఆమె పాడుకుంటుంటే వినపడి, ఆ కాస్త సంతోషం ఎందుకు చెడగొట్టాలని తనకి తాను సర్దిచెప్పుకుని వెనక్కొచ్చాడు. సగం దారిలో ఆయనకే నవ్వొచ్చింది, ఎంత చక్కగా అబద్ధం ఆడుకుంటున్నాడో అని.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ కొట్టుకి వచ్చింది, తోడుగా చెల్లెల్ని తీసుకుని. టీచరమ్మ ఇంటిమీద కొత్తగా పలకలు పెట్టించింది, ఆవిడకీ పాత సెల్లులు కావాలి. బస్సు మెకానిక్ బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బాబాయి ఎప్పటి పాఠం మొదలుపెట్టాడు: నీళ్ళు తగ్గకుండా చూసుకోవాలి, మూతలు తెరిచి వదిలెయ్యకూడదు.

“భయపడకండి బాబాయి గారూ, నేను వాననీళ్ళు పొయ్యను లెండి” అంది టీచరమ్మ నవ్వుతూ.

మెకానిక్ పకపకా నవ్వాడు. చెల్లెలు కూడా నవ్వింది. నవ్వుతూ తల దించుకుని, చీర కొంగు చివర వేలికి చుట్టుకుంది. చిన్నప్పుడు బళ్ళో దెబ్బలు తిని ఇంటికొచ్చినప్పుడు గౌను అంచు అలాగే చుట్టుకునేది.

“వాననీళ్ళు కాదు” అన్నాడు బాబాయి.

ముగ్గురూ ఆయనవైపు చూశారు.

“సెల్లులు పోయింది వాననీళ్ళ వల్ల కాదు టీచర్ గారూ. నా వల్ల. యాసిడ్ గొట్టం ముంచాను. నేనే. దాని తప్పేం లేదు.” ఆయన వంగి గోనెపట్టా లాగి, మొదటి సెల్లుని బయటికి జరిపాడు. “ఇదిగో, చూడండి. తినేసింది.”

మెకానిక్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. చెల్లెలు సెల్లుని చూడలేదు. అన్ననే చూస్తోంది.

“నేను అడిగాను” అంది మెల్లగా. “ఎర్రదారం ఉందేంటని అడిగాను.”

“అడిగావమ్మా.”

“నువ్వు మొట్టావు.”

“అవును.”

“నీకెప్పుడు తెలిసింది?”

ఇవాళే అని చెప్పే వీలుంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. “మీ ఇంటి నుంచి తెచ్చిన రోజే” అన్నాడు. “నలభై రోజులు.”

ఆమె “నలభై రోజులు” అంది. “గుడ్లు పోయినందుకు కాదన్నయ్యా. పోతే పోయాయి. రోజూ కళ్ళు మూసుకుంటే ఆ పిల్లలే కనిపించేవి, నేనే చంపానని. నీకు తెలుసు. తెలిసి, నేను తెచ్చిన డబ్బా మూత తీసి చూసి, మంచిదే అన్నావు.”

క్షమించు అనడానికి కూడా బాబాయికి మొహం చెల్లలేదు. ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. టీచరమ్మ “నేను మళ్ళీ వస్తాను” అని ఆమె వెనకే నడిచింది. మెకానిక్ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ, “ఏదో అయిపోయిందిలే బాబాయి” అన్నాడు. అతను ఓదార్చాలనే అన్నాడు గానీ, ఎవరూ ఏమీ అనకుండా ఉంటే బాగుండుననిపించింది బాబాయికి.

మర్నాడు వెళ్తే బావ గేటు దగ్గరే ఆపాడు. కోపంగా ఏం లేడు. “ఇప్పుడు వద్దు బావా. నామీద కూడా మండిపడుతోంది, ఆ పేరు పెట్టింది నేనే కదా” అన్నాడు. బాబాయి గేటు గొళ్ళెం తనే వేసి వెనక్కి తిరిగాడు.

పదకొండు రోజుల తర్వాత ఆమె తనే కొట్టుకి వచ్చింది. కూర్చోలేదు. సంచిలోంచి నోటుపుస్తకం తీసి బల్లమీద పెట్టింది.

“సెల్లు పరీక్ష చెయ్యడం నేర్పు. గొట్టంతో చూడ్డం, మీటర్ పెట్టడం, పొటాష్ నీళ్ళు మార్చడం, అన్నీ. ఇక నుంచి నా సెల్లుల్లో నీ చెయ్యి పెట్టకు.”

“సరేనమ్మా” అన్నాడు.

నాలుగు రోజులు నేర్పాడు. చేతికి తొడుగులూ, కళ్ళకి అద్దాలూ, చర్మం మీద చుక్క పడితే కడుక్కోవాల్సిన పద్ధతీ. ఆమె ప్రతిదానికీ ఎందుకు అని అడిగింది. ఏదీ ఆయన మాటమీద నమ్మలేదు, తన కళ్ళతో చూశాకే రాసుకుంది. ఎవరైనా కొట్టుకొచ్చి ఆ గోనెపట్టా పక్కనున్న సెల్లుల గురించి అడిగితే బాబాయి ఉన్నదున్నట్టు చెప్పేవాడు. చెల్లెలు వింటూనే ఉండేది. ఆయన తడబడిన చోట సాయం వచ్చేది కాదు.

ఆమె మళ్ళీ గుడ్లు పెట్టిందని టీచరమ్మ చెప్తేగానీ ఆయనకి తెలియలేదు. రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఇరవై ఒకటో రోజు గడిచి, ఇరవై రెండో రోజు పొద్దున వెళ్ళాడు. గేటు తీసుంది. పెరటి గదిలోంచి కిచకిచమని ఒకటే గోల. ఆయన లోపలికి వెళ్ళకుండా పెరట్లోనే నిలబడ్డాడు.

చెల్లెలు బయటికొచ్చింది, చేతుల్లో పెంకులంటుకున్న అరలు పట్టుకుని. ఆయన్ని చూసి ఆగింది.

“ఎన్ని వచ్చాయమ్మా?”

“రెండువందల ముప్పై దాటాయి. ఇంకా పూర్తిగా చూడలేదు.”

ఆమె అరల్ని కుళాయి దగ్గర దించి, లోపలికి వెళ్ళబోయింది. బాబాయి చొక్కా చేతులు పైకి మడిచి, కుళాయి ముందు గొంతుక్కూర్చుని, కుళాయి తిప్పాడు. పెంకులూ, అంటుకుపోయిన నూగూ బ్రష్షుతో గీకి, ఒక్కో అర కడిగి ఎండలో ఆనించాడు. వద్దని ఆమె అనలేదు. గంటసేపు కడిగాడు. మోకాళ్ళు పట్టేశాయి. అయిపోయిందనుకుని లేవబోతుంటే ఆమె గుమ్మంలోకి వచ్చి, ఎండలో ఆనించినవి కళ్ళతోనే లెక్కపెట్టింది.

“లోపల ఇంకో రెండున్నాయి” అంది.

ఆయన వెళ్ళి తెచ్చుకుని, అవి కూడా కడగడానికి కూర్చున్నాడు.